గుడారంలో వరి

4 ఏప్రిల్ 2003, శుక్రవారం
సొన్నమ్మ కూతురి సీమంతం. పక్కిల్లే కదా, వెళ్ళాను. గాజులు తొడగబోతే సొన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. నువ్వు ఆ పక్కన కూర్చో అక్కా, పిల్లోళ్ళు లేని చెయ్యి, తప్పుగా అనుకోవద్దు అంది. అనుకోలేదు. ఇంటికి వచ్చి దీపం పెట్టాను. ఆయన అత్తిబెలెలోనే ఉన్నారు, రెండో ఆమె దగ్గర, పిల్లల దగ్గర.

5 ఏప్రిల్
రీసెర్చ్ ఫారంలో వరి పొట్టకొచ్చింది. కుండీలకు నీళ్ళు పోయడం, థర్మామీటర్ చూసి రాయడం నా పని. సగం కుండీలు ప్లాస్టిక్ గుడారంలో, సగం బయట. వేడికి గింజ ఎంత తగ్గుతుందో ఆశ మేడం తన థీసిస్ కోసం చూస్తోంది.
పొట్టతో ఉన్న పైరుకు చలిమిడి పెట్టాలి. మా అమ్మ పెట్టేది. ఇక్కడ నన్ను ఆపేవాళ్ళు లేరు. లోపలివాటికీ బయటివాటికీ పసుపు రాసి, మొదళ్ళ దగ్గర చలిమిడి కాస్త కాస్త పెట్టాను. చాలా రోజులకు పాట వచ్చింది నోటికి.

7 ఏప్రిల్
చీమలు పట్టాయి. సూపర్‌వైజర్ నాగరాజ్ అందరిలో నవ్వాడు. వడ్లకు శ్రీమంతం చేస్తా ఉండావా అమ్మా, మొగుడెవరు, బోరుబావా అని. ఆశ మేడం నవ్వలేదు. చీమల మన్ను తనే తీసేసి, తీపి వద్దమ్మా ఇంకోసారి అంది.

14 ఏప్రిల్, పగలు 11
పూత. వరిపువ్వు ఒక్కసారే విచ్చుకుంటుందట. గంటో రెండు గంటలో, అంతే. లోపల వేడెక్కాలని సరిగ్గా ఆ వేళకే గుడారం తెర దించమంది ఆశ మేడం. దించాను. లోపల 41 డిగ్రీలు. తల్లీ, వీటిని చల్లగా చూడు.

15 ఏప్రిల్
మళ్ళీ నేనే దించాను.

16 మే
గుడారంలోవి కోశాం. ఒక్క కంకీ తల వంచలేదు. నలిపితే తాలు. సొన్నమ్మ అన్నది నిజమే అనుకున్నాను.
ఆశ మేడం మైసూర్‌పాక్ పంచింది. తేడా బాగా తెలిసిందట, థీసిస్ నిలబడిందట. నా ముక్క తినకుండా పక్కన పెట్టాను. ఏమైందమ్మా అంటే నా చెయ్యి మంచిది కాదన్నాను. ఆమె నన్ను బయటి కుండీల దగ్గరికి లాక్కుపోయింది. కంకులు బరువుకు వాలి ఉన్నాయి. వీటికీ నువ్వే కదా పసుపు పూసింది, చూడు ఎట్లుండాయో, లోపల వేడికి పుప్పొడి చచ్చిందమ్మా అంది.
ఒక కంకి నలిపి చూశాను, గింజ గట్టిగా తగిలింది.

17 మే
తాలు కంకులు పారేయమన్నారు. కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చాను. పీట మీద వరుసగా పెట్టి కుంకుమ పెట్టాను.
వీటిని పేరంటానికి ఎవరు పిలుస్తారు.