వంపు కింది రాళ్ళు

నీలివేళ్ళ నాన్నకి,

ముద్దుతోనే మొదలుపెడుతున్నాను. కోపం కింద వస్తుంది, చదవడం ఆపకు.

నిన్న ఏటి వంపుకి దిగువన, మన అద్దకం షెడ్డు దాటాక, రాళ్ళ మీద నీటికుక్క పెంట కనిపించింది. ఏ జంతువు ఎక్కడ బతుకుతోందో తేల్చడమే కదా నా ఉద్యోగం, వెంటనే వంగి వాసన చూశాను. అమ్మ చుట్టాల దగ్గర "మా అమ్మాయి నీళ్ళ ఆఫీసులో చేస్తుంది" అని సర్దిచెప్పేది ఈ పనికి సిగ్గుపడే! ఎగిరి గంతేశాను నాన్నా. చేప తోక కూడా కనిపించని చోట నీటికుక్కా! మన షెడ్డు నీళ్ళ వల్ల ఏ హానీ లేదని షెడ్ల నీళ్ళ మీద జరిగే సభలో చెప్పొచ్చు, నీ మొహం వెలిగిపోతుంది అనుకున్నాను.

పక్క రాయి దగ్గరికి వెళ్ళేసరికి ఆ గంతులు ఆగిపోయాయి. ప్రతి రాయికీ నడిమధ్యన, గుడ్డలు ఆరేసినట్టు సమానంగా ఎడం వదిలి పెంట ముద్దలు పెట్టి ఉన్నాయి. నీటికుక్కకి అంత పద్ధతి ఎక్కడిది? విరిచి చూస్తే నిండా పీత చిప్పలు. వంపు కింద పీత అన్నదే లేదు. ఇక ఒకదాని మీద నీలం రంగు బొటనవేలి ముద్ర. ఆ వేలు పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను.

ఏం పని నాన్నా ఇది? పరీక్ష రాస్తున్న కూతురికి కిటికీలోంచి చీటీ అందించినట్టు! పెంట ఏరుకుంటూ నువ్వు ముక్కు మూసుకున్న తీరు ఊహించుకుని నవ్వాను. తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. నన్ను మోసం చేయాలని నీకెలా అనిపించింది?

ఆ జంతువు ఎక్కడ పడితే అక్కడ కాపురం పెట్టదు. వంపు పైన నీళ్ళు తేటగా ఉంటాయి, అడుగుదాకా ఎండ దిగుతుంది. అందుకే నాచు పెరుగుతుంది, నాచు కోసం చేపలూ పీతలూ చేరతాయి, వాటికోసం ఇది వస్తుంది. ఎండాకాలంలోనూ ఎండిపోని మడుగులున్నాయి, పిల్లల్ని దాచుకోవడానికి ఒడ్డున చెట్ల వేళ్ళ సందుల్లో బొరియలున్నాయి. మరి వంపు కింద? మన రంగునీళ్ళలో ఎండ దిగదు. గుడ్డలు ఆరేయడానికని ఒడ్డు మీది పొదలన్నీ నువ్వే నరికించావు. తిండీ లేదు, నీడా లేదు. కాళ్ళు పట్టుకుని బతిమాలినా అది రాదు.

గురువారం సభలో ఇదే చెబుతాను. షెడ్ల నీళ్ళు శుభ్రం చేశాకే ఏట్లోకి వదలాలన్న నిబంధన పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేలుస్తారు. మన షెడ్డులో పనిచేసేవాళ్ళంతా నన్ను ఎత్తుకు తిరిగినవాళ్ళే, తెలుసు. అయినా మనసు మార్చుకోను. నీకోసం ఒక్కటి చేయగలను, పేరు ఎత్తకుండా 'వంపు దగ్గరి ఒక షెడ్డు' అంటాను. ఆ తర్వాత ఇంట్లోకి రానిస్తావో లేదో నీ ఇష్టం.

నీ మొండిఘటం



అమ్మడూ,

తిట్లు అందాయి. ముక్కేమీ మూసుకోలేదు, ఎండుచేపల వాసనే కదా.

కోపం వచ్చిన మాట నిజం. ఉత్తరం ఉండచుట్టి విసిరేశాను, మళ్ళీ నేనే ఏరుకున్నాను. "ఇద్దరూ ఒకే అచ్చు" అని మీ అమ్మ వంటింట్లోంచి ఒకటే గొణుగుడు.

షెడ్డు మూతపడితే ఇంతమంది ఏమైపోతారన్న భయంతో ఆ పని చేశాను. పెంట వెతుక్కుంటూ వెళ్ళి, పొద్దున్నే వంపు దగ్గర రాళ్ళ చాటున కూర్చున్నాను. పైనుంచి నీటికుక్క వచ్చింది, వెనకే పిల్లలు, ఈలలు వేసుకుంటూ. మన నీళ్ళు కలిసే చోట తల్లి ముక్కు పైకెత్తింది. అంతే, పిల్లల్ని తోసుకుంటూ వెనక్కి తిరిగిపోయింది. అమ్మడూ, రంగు బాగాలేదని ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నా గుమ్మంలోంచి వెనక్కి పోలేదు. అది పోయింది. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఆ పెంట తెచ్చి రాళ్ళ మీద పేర్చాను చూడు, అదీ మీ నాన్న.

నీ ఉత్తరం వచ్చిన రోజే మేస్త్రీని పిలిచి, షెడ్డు వెనక గుంటలు తవ్వమన్నాను. "అమ్మాయిగారు గెలిచారా అయ్యా?" అన్నాడు. "ముందు పార పట్టుకోవయ్యా" అన్నాను. రంగునీళ్ళు ఆ గుంటల్లో ఎంతవరకు తేరుకుంటాయో, మిగిలింది ఎలా వడకట్టాలో నువ్వే వచ్చి చెప్పాలి. గుడ్డలు ఇక మేడ మీదే ఆరేస్తాం, ఒడ్డు జోలికి వెళ్ళం. ఖర్చు గురించి అడగకు, అది నా తలనొప్పి.

సభలో 'ఒక షెడ్డు' అన్నావో, నిజంగానే ఇంట్లోకి రానివ్వను. 'మా నాన్న షెడ్డు' అని గట్టిగా చెప్పు. మిగతా షెడ్లవాళ్ళు నీ మీదికి లేస్తే ముందు వరసలో నేనుంటాను.

ఆ రాళ్ళు కడిగేశాను. ఇక వాటి మీద ఏది కనిపించినా నేను ముట్టుకోను. నువ్వే వచ్చి వాసన చూడు.

నీలివేళ్ళ నాన్న