పొలిమేర గుమ్మడికాయ

ఒరే తమ్ముడూ,

బొబ్బిలిలో నువ్వు సెప్పినట్టే, రాష్ట్రం మారిన ప్రతి పొలిమేరలోనూ మీ బావ నీ యాత్రా బస్సుకి కుంకుమ కూరిన గుమ్మడికాయ తిప్పి కొట్టినాడు. చిలికా సరస్సు సూసి జనమంతా మురిసిపోనారు. బెంగాలు కూడా దాటినాం.

బీహారు పొలిమేర పల్లెలో పిల్లలకి అమ్మోరు పోసి సచ్చిపోతన్నారంట. మాకేటి తెలుసు? రోడ్డు మీద మేం కొట్టిన గుమ్మడికాయ ఎరుపు సూసి, ఆ ఊరోళ్లు సేతబడి సేసినామని కర్రలట్టుకుని మీద పడ్డారు. మీ బావని స్టీరింగు కాడ్నుంచి ఈడ్సి, తల పగిలేదాకా కొట్టినారు. నా ఒళ్లోనే పేణం పోనాది.

బస్సెలాగున్నాదని తంతి కొట్టి అడిగినావు కదా. నీ బస్సుకి గీతైనా పడనేదు. గుమ్మడికాయ దానికే కదరా తిప్పినాం!

మీ అక్క