విప్పేసిన కుట్లు

ప్రియమైన అక్కకి,

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళతో చేతిపనులు చేయిస్తారంటూ అమ్మను నువ్వు చేర్పించిన ఆ కేంద్రానికి ఇవాళ వెళ్ళాను. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి చేతికి ఓ గుడ్డపీలిక, మొద్దు సూది ఇచ్చి కూర్చోబెట్టారు. అదీ ఓర్చుకున్నాను. అందరూ తమ గదుల్లోకి వెళ్ళాక, కేంద్రం నడిపే మేడమ్ కత్తెర తీసి అమ్మ వేసిన కుట్లన్నీ పుటుక్కు పుటుక్కున విప్పేసింది. ఇదేం పనని నిలదీశాను.

"రేపు మళ్ళీ ఈ గుడ్డే ఇస్తాం బాబూ. ఆవిడకి గుర్తుండదుగా" అంది, నవ్వుతూ.

శ్రమను దోచుకునేవాళ్ళ గురించి కరపత్రాల్లో చదివాను. శ్రమను ఆనవాలు లేకుండా చెరిపేసేవాళ్ళను ఇప్పుడే చూశాను. నువ్వేమో దానికి సేవ అని పేరు పెట్టావు. రేపే వెళ్ళి అందరి ముందూ కడిగేసి అమ్మను ఇంటికి తెచ్చేస్తాను. అడ్డొచ్చావంటే మనిద్దరికీ మాటల్లేవు.

నీ తమ్ముడు

అక్కా,

అమ్మను ఇంటికి తేలేదు. నువ్వు గెలిచావని మురిసిపోకు.

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాను, మీ పనిని రోజూ నాశనం చేస్తున్నారని, మిమ్మల్ని చంటిపిల్లల్ని చేసి ఆడిస్తున్నారని. ఒక తాత నేను ఏ పార్టీ అని పక్కవాళ్ళనడిగాడు. ఒక పెద్దావిడ చేతిలోని గుడ్డను గుండెలకదుముకుని ఏడుపు అందుకుంది. మేడమ్ నన్ను బయటికి నడవమంది. నేను కదల్లేదు. అప్పుడు అమ్మ లేచింది. ఏడ్చే ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నావైపు తిరిగింది.

"ఎవరబ్బాయివో గానీ, నా షాపులో నా పనివాళ్ళ మీద అరవకు. కుట్టించుకునేదుంటే కూర్చో. లేదంటే దారి చూసుకో."

నేను నీ కొడుకునమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్కా, అమ్మకు షాపు ఎప్పుడుంది? జన్మంతా ఒకరి కొట్లో, ఒకరి మిషను మీద, ఒకరి తిట్లు తింటూ కుట్టింది. ఇప్పుడు తనదంటూ ఒకటుంది. అందులోంచి నన్ను గెంటేసింది.

ఆ మేడమ్‌ను క్షమించను. కుట్లు విప్పడం ఆపేదాకా రోజూ గుమ్మం బయట నిలబడి పోట్లాడతాను. నిన్నూ క్షమించను. కానీ యజమానురాలిని తన షాపులోంచి లాక్కురావడానికి నేనెవణ్ణి?

గుమ్మం బయటి నుంచి,
నీ తమ్ముడు