ఉల్లిగడ్డా, ఎల్లిగడ్డా

ఆదివారం, కిష్టారెడ్డిపేట

నేను ఎన్నోసార్లు చదివిన డిటెక్టివ్ నవలల్లో మొదటిదాన్ని సినిమాగా తీశారని తెలిసి, ఎదురింటి సుజాతను వెంటబెట్టుకుని పటాన్‌చెరు వెళ్లి చూశాను. కోస్తా మనిషినని చెప్పుకునే హంతకుడు వంటింట్లో ఉల్లిపాయ అనాల్సింది నోరుజారి "ఉల్లిగడ్డ" అంటాడనీ, ఆ ఒక్క మాటతోనే పట్టుబడతాడనీ దారిలోనే ఆమెకు చెప్పాను.

తెర మీద అతడు "ఎల్లిగడ్డ" అన్నాడు.

"పుస్తకాన్ని పాడుచేశారు" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఏదైతేంది టీచరమ్మా, రెండు కూరల్నే పడ్తయ్ గదా. ముందటోళ్లు మనల్నే సూస్తున్రు" అని సుజాత నవ్వింది.

ఇంటికి రాగానే పుస్తకం తీశాను. ఎల్లిగడ్డే. పక్కన పెన్సిలుతో నా దస్తూరీలోనే, "వెల్లుల్లి అనలేదు, దొరికాడు" అని ఉంది. అది రాసినట్టు నాకు గుర్తు లేదు.

మతిమరుపు మొదలైన రోజున ఈ ఫ్లాట్ ఖాళీ చేసి వాళ్లింటికి వస్తానని తమ్ముడికి మాట ఇచ్చింది నేనే. ఒక్క అక్షరం తప్పితే దాన్ని మతిమరుపు అనవచ్చునా? ఆ పెన్సిలు రాత మాట ఏమిటి మరి...

పొద్దున్నే సుజాతతో, పొరపాటు సినిమావాళ్లది కాదు, నాదేనని చెప్పాలి. తమ్ముడు ఫోన్ చేస్తే సినిమా బాగుందని మాత్రం చెబుతాను.