ఎద్దుల బొమ్మ తుడిచేదెవరు

జూలై 9
ఫోన్‌లో రాసుకుంటున్నా. ఎవరికీ పంపను.
ఇవాళ బేందూర్, ఎద్దుల పండగ. కుంభోజ్‌కర్ సర్ చౌకులో బోర్డు మీద ఎద్దుల జత వేశారు. నేను స్టూల్ పట్టుకున్నా. రెండో ఎద్దుకి కొమ్ములు వెయ్యలేదు. చెయ్యి లాగుతోందిరా సదా, కొమ్ముల్లేకపోతే ఎవర్నీ పొడవదులే అని నవ్వారు.

జూలై 10, పొద్దున
సర్ పోయారు. నిద్రలోనే.

జూలై 10, సాయంత్రం
ఇక్కడ ఎవరు పోయినా చౌకు బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. పేరు, ఎప్పుడు తీసుకెళ్తారో. పల్లెల నుంచి బజారుకొచ్చేవాళ్లు అది చూసే ఆగుతారు. రిటైరయ్యాక ఆ రాత సర్‌దే. అంతకుముందు బళ్లో డ్రాయింగ్ మాస్టారు. అక్కడా గేటు దగ్గర బోర్డు మీద రోజుకో రంగుల బొమ్మ. మర్నాడు ఆయనే తుడిచేవారు. నేను బడి మానేశాక కూడా నాకు అక్షరాలు అలాగే నేర్పారు. రాయి, తుడు, మళ్లీ రాయి.
సర్ పోయినట్టు రాయాలంటే ఎద్దుల్ని తుడవాలి. తడిగుడ్డ తీసుకెళ్లా. ఫ్లెక్స్ షాపు పాటిల్ దాదా గుడ్డ లాక్కున్నాడు. ఆయన సర్ స్టూడెంటే. బుర్రుందా నీకు, మా సర్ చివరి బొమ్మరా ఇది, అద్దం బిగిస్తా, ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తా అన్నాడు. ఫ్లెక్స్ కొట్టిస్తున్నా కదా అని కూడా అన్నాడు.
ఖాళీ చేతుల్తో నేను పనిచేసే టీ కొట్టుకి వచ్చేశా. ఎదురుచెప్పడం నాకెప్పుడూ చేతకాదు.
కరెంటు పోయింది. ఫ్లెక్స్ రాకముందే సర్‌ని తీసుకెళ్లిపోయారు. వెనక మేం కొద్దిమందిమే.

జూలై 11
కూరలమ్మే హౌసాబాయి చౌకులో నిలబడి తిట్టింది. నిన్నంతా ఇక్కడే కూర్చున్నాన్రా దొంగసచ్చినోళ్లారా, ఎద్దుల్ని చూసి సర్‌కి బాగానే ఉందనుకున్నా, మా ఆయన పోతే జ్వరంలో లేచొచ్చి రాశాడు, ఆయనకి రాసే మనిషి ఊళ్లో లేడా అంది. పాటిల్ దాదా ఫ్లెక్స్ చూపించాడు. నాకు చదువొచ్చా నీ మొహం, సర్ అయితే పిలిచి చదివి వినిపించేవాడు అంది.
నేను టీ గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు.

జూలై 14
కాకూ ఇంటికి పాలు తీసుకెళ్లా. సర్ భార్య. గోడలకి ఒక్క బొమ్మ లేదు. పాటిల్ దాదా ఎగ్జిబిషన్ పెడతానని బొమ్మలడిగాడట. జన్మంతా వేశాడు, ఇంట్లోకి తెచ్చింది చొక్కా మీద సుద్దపొడే, ఉతికీ ఉతికీ నా చేతులు అరిగాయి అంది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. పాలగిన్నె తీసుకుని లోపలికెళ్లిపోయింది.

జూలై 17
వాన. వారమైంది బోర్డు మీద వార్త లేక, చావుదైనా నీళ్లదైనా. అద్దం ఇంకా రాలేదు. ఎద్దుల మీద దుమ్ము.

జూలై 19
దశాహం. నది ఒడ్డున పిండం పెట్టారు. కాకి ముట్టలేదు. పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిందంటారు. బతికున్నవాళ్లు మాటివ్వాలి.
పాటిల్ దాదా చేతులు జోడించి అద్దం బిగిస్తా సర్ అన్నాడు. చౌకుకి మీ పేరు పెట్టిస్తా అన్నాడు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి.
కాకూ నా వీపు మీద చెయ్యేసి, నీకు చెప్పేదేమైనా ఉంటే చెప్పరా, నాకు నిలబడే ఓపిక లేదు అంది. అందరూ నావైపు చూశారు. రేపు తుడిచేస్తా సర్ అన్నా. నాకే సరిగా వినబడలేదు.
అయినా కాకి రాలేదు. దర్భతో కాకిని చేసి ముట్టించి ఇంటికొచ్చేశాం. దారి మలుపులో పాటిల్ దాదా, రెండో ఎద్దుకి కొమ్ములైనా వేసి తుడవరా అన్నాడు. నాకు రాదన్నా. సరేలే అని, షాపులోంచి ఆరోజు లాక్కున్న గుడ్డ తెచ్చిచ్చాడు.

జూలై 20
తుడిచా. రాశా. రేపు మంచినీళ్లు రావు, ఇవాళే పట్టుకోండి.
హౌసాబాయిని పిలిచి చదివి వినిపించా. బిందె కోసం పరిగెత్తింది.