తెల్ల స్నీకర్ మీద కాటుక చుక్క

ఆదివారం రాత్రి, బయ్యారం

రేపు హన్మకొండలో స్నీకర్ల షాపులో ఇంటర్వ్యూ. అక్కడివాళ్లు మొహం కంటే ముందు కాళ్లే చూస్తారు. అందుకే ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న తెల్ల జతకు మా ఊరి ఎర్రమట్టి తగలకుండా ఇన్నాళ్లూ డబ్బాలోనే దాచాను. సాయంత్రం తీసి చూస్తే కుడిదాని మడమ మీద కాటుక చుక్క!

"నాయినమ్మా, ఏందిది?"

"గింత తెల్లగుంటే అందరి కండ్లు నీ కాళ్ల మీదనే ఉంటయ్ బిడ్డా. దిష్టి తగులదా?"

"గది బూటు, పసిపిల్ల గాదు!"

"రోజూ ఆ డబ్బా పక్కల పెట్టుకొనే పండుకుంటున్నవ్. పసిపిల్ల గాకపోతే ఏంది మరి?"

అమ్మ పడీపడీ నవ్వింది. నేను మాత్రం టూత్‌పేస్ట్ పెట్టి తోమాను. చుక్క కాస్త పలచబడింది కానీ పోలేదు.

స్నీకర్ల పిచ్చివాళ్లకు మచ్చలేని జతే గొప్ప. ఈ సాయంత్రం దాకా నాకూ అంతే. ఇందాక వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇలాంటివి వేలల్లో తయారవుతాయి, చుక్క ఉన్నది మాత్రం నాదొక్కటే. రేపు అడిగితే మా నాయినమ్మ పెట్టిందని చెప్తాను. నవ్వితే నవ్వనీ. ఉద్యోగం ఇవ్వకపోతే... ఎందుకివ్వరు?

ఎడమదానికి చుక్క లేదు. పొద్దున్నే నాయినమ్మను అడగాలి.