ట్రైలరు దీపానికి ఎర్తు

ఉదయగిరి
3-3-1954

ఆత్మకూరు బస్టాండు దగ్గర మోటారు కరెంటు పనులు చేసే కామయ్య గారికి, సంచార వైద్యశాల నర్సు లిదియమ్మ నమస్కరించి రాయునది.

మీరు నన్నెరగరు. ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగే మందుల వ్యాను నాది. నా పడక, పొయ్యి, మందుల బీరువా అన్నీ అందులోనే. దాని వెనక ఒక ట్రైలరు. గుడారాలు, బల్లలు అందులో పెడతాము. ఆ ట్రైలరు ఎర్రదీపం నా ప్రాణం తీస్తున్నది. బండి ఎడమకు తిరిగితే వెలుగుతుంది, కుడికి తిరిగితే ఆరిపోతుంది. బ్రేకు తొక్కితే మసకేస్తుంది. బల్బు రెండుసార్లు మార్చాము.

ఈ నెల 25లోగా దీపం సరిగా వెలగకపోతే ట్రైలరు విప్పి పక్కన పెట్టాలని బ్రేకు ఇన్‌స్పెక్టరు చెప్పిపోయాడు. 27న సీతారామపురంలో కంటి ఆపరేషన్లు ఉన్నాయి. నెల్లూరు నుంచి డాక్టరు గారు వస్తున్నారు. ఇరవై ముగ్గురు ముసలివాళ్ళు శుక్లాలతో కాచుకొని ఉన్నారు. గుడారమూ బల్లా లేకుండా ఆపరేషను ఎక్కడ చేసేది? మీరు గుణం వింటే జబ్బు చెప్పగలరని బస్సు డ్రైవర్లు అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
లిదియమ్మ

తా.క.: మా డ్రైవరు తిరుపాలు, "దానికి భయం సిస్టరమ్మా, బ్రేకేస్తే కండ్లు మూసుకుంటా ఉండాది" అంటున్నాడు. భయానికి నా దగ్గర మందు ఉంది గాని, అది మనుషులకే.

*

ఆత్మకూరు
6-3-1954

లిదియమ్మ సిస్టరు గారికి కామయ్య నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బల్బులో లోపం లేదు, ఇంక కొనకండి. ఎర్తు సరిగా లేదు. కరెంటు దీపందాకా పోతున్నది, తిరిగి వచ్చే దారి దొరకడం లేదు. ఎర్తు వైరు ఎక్కడుందో వెతికి గట్టిగా, శుభ్రంగా పట్టించండి. అరగంట పని.

అంగడి వదిలి నేను వచ్చే వీలు లేదు. ఏమైనా ఉంటే రాయండి.

మీ
కామయ్య

తా.క.: తిరుపాలుతో చెప్పండి, దీపానికి భయం ఉండదు. డ్రైవరుకు ఉంటే మంచిది.

*

ఉదయగిరి
10-3-1954

కామయ్య గారికి, లిదియమ్మ రాయునది.

మీ అరగంట పని మాకు మూడు రోజులు పట్టింది. నేను నర్సు పరీక్ష ఇంగ్లీషులో రాసినదాన్ని. ఎర్తు అంటే భూమి అని నాకు తెలుసు. తిరుపాలు ట్రైలరు పక్కన రెండు మూరల గుంత తవ్వాడు. వైరు అందులో పెట్టి మన్ను కప్పాము. దీపం వెలగలేదు. ఇక్కడ రేడియో ఉన్నది నారాయణయ్య మేష్టారి ఇంట్లో. ఆయన వచ్చి చూసి, "ఉప్పు, బొగ్గులు వెయ్యందే ఎర్తు పట్టదమ్మా" అన్నారు. వేశాము. నీళ్ళు పోశాము. మన నేల రాతినేల గదా అని వరికుంటపాడు నుంచి చెరువుమట్టి కూడా తెప్పించాము. ఫలితం లేదు.

ఒక సందేహం. దీపం వెలిగినా, గుంత ఇక్కడే ఉంటే మేము సీతారామపురం పోయేదెట్లా? "ఒక కుండలో మన్ను పోసి ట్రైలరుకు కట్టుకుందాం. మన భూమి మనతోనే వస్తాది" అన్నాడు తిరుపాలు. కట్టాము. ఇంక పదిహేను రోజులే గడువు.

ఇట్లు,
లిదియమ్మ

తా.క.: ఈ పొద్దున కుండకు ఎవరో పసుపూ కుంకుమా పెట్టిపోయారు. దగ్గు మందు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ముందు కుండకు దణ్ణం పెట్టుకొని, తరవాత నా దగ్గరకు వచ్చారు.

*

ఆత్మకూరు
13-3-1954

లిదియమ్మ సిస్టరు గారికి నమస్కారాలు.

తప్పు నాదే. నవ్వినందుకు కూడా మన్నించాలి. మేష్టారి రేడియోకు భూమి అంటే నేల. మోటారుకు భూమి అంటే దాని ఇనుమే. మీ బ్యాటరీ వ్యానులో ఉంది. అక్కడ బయలుదేరిన కరెంటు దీపం వెలిగించి, ఇనుములోంచి మళ్ళీ బ్యాటరీకే చేరాలి. చెరువుమట్టిలో దిగితే అది వరికుంటపాడూ పోదు, వ్యానుకూ రాదు.

కుండ విప్పండి. ఎర్తు వైరును ట్రైలరు ఇనుముకు బిగించండి. రంగు ఉంటే కరెంటు పట్టదు. రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, అప్పుడు బిగించాలి.

మీ
కామయ్య

తా.క.: కుండకు దణ్ణం పెట్టడం అలవాటుపడిన వాళ్ళు చూడనప్పుడు విప్పండి.

*

ఉదయగిరి
17-3-1954

కామయ్య గారికి,

మీరు గీకమన్నారు. ఎంత గీకాలో రాయలేదు. తిరుపాలు నలుగురు మనుషులను పెట్టి రెండు రోజులు ట్రైలరు మొత్తం గీకించాడు. ఇనుము తళతళలాడుతున్నది, ఎండలో అటు చూడలేకపోతున్నాము. దీపం మాత్రం మునుపటిలాగే ఎడమకు వెలుగు, కుడికి చీకటి.

అసలు సంగతి ఇది కాదు. ఆ ట్రైలరు కొండాపురం రాజమోహన్ గారు తమ తల్లి పెంచలమ్మ గారి పేర ఇచ్చినది. దాని మీద ఆమె పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. ఆమె బతికే ఉన్నారు, శుక్లాలు తీయించుకునే ఇరవై ముగ్గురిలో ఆమె ఒకరు. నిన్న బండి కట్టించుకొని వచ్చి, కన్ను ఆనక, తన పేరు కోసం చేత్తో తడుముకున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమారు. ఒక్క అక్షరం తగల్లేదు.

"ఏంది సిస్టరమ్మా, నేను బతికుండంగానే నా పేరు గీకేసినారా?" అన్నారు. తిరుపాలు, "కరెంటు కోసమవ్వా" అన్నాడు. "నా పేరుంటే కరెంటు రాదా?" అని బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఆపరేషనే వద్దంటున్నారట. ఆమె మానితే ఆమె మాట వినే ఏడుగురు మానుకుంటారు.

నర్సు అడిగింది గదా, ఏదో ఒకటి రాస్తే చాలుననుకున్నారేమో. ఉదయగిరి ఆత్మకూరుకు సముద్రం అవతల లేదు. మీరే స్వయంగా బయలుదేరి రావాలి.

లిదియమ్మ

తా.క.: కుండను విప్పాము. ఇప్పుడు అది మా వ్యాను మెట్ల దగ్గర ఉంది. తులసి మొలిచింది.

*

ఆత్మకూరు
20-3-1954

లిదియమ్మ సిస్టరు గారికి,

మీ కోపం న్యాయమే. గోరంత మేర గీకితే చాలని రాయవలసింది. నేను రాలేను, కారణం అడగకండి. కాని ఈసారి ఒక్కొక్క అడుగూ రాస్తున్నాను, ఇలాగే చేయండి.

దీపం స్విచ్చి వేయించండి. నాలుగు బారల వైరు తీసుకొని రెండు కొసలూ ఒలవండి. ఒక కొస వ్యాను అడుగు ఇనుముకు, గోరంత గీకిన చోట, అదిమి పట్టుకోమనండి. రెండో కొస ట్రైలరు ఇనుముకు మీరే ఆనించండి. దీపం గట్టిగా వెలిగితే ట్రైలరులో తప్పు లేదు, రెంటినీ కలిపే కొక్కెం దగ్గర దారి తెగిందని అర్థం. మీ ఎర్తు ఇన్నాళ్ళూ ఆ కొక్కెం ఇనుము మీదే నడుస్తున్నది. కొక్కెం విప్పి మధ్యలో ఏమి అడ్డం ఉందో చూడండి. ఏమున్నా సరే, ఆ వైరునే రెండు పక్కలా బోల్టుతో శాశ్వతంగా బిగించేయండి. బండి ఎటు తిరిగినా దీపం ఆరదు.

ముందు పెంచలమ్మ గారి ఇంటికి పోయి రండి. దీపం రెండు రోజులు ఆగుతుంది. ఆమె మనసు ఆగదు.

మీ
కామయ్య

*

సీతారామపురం
5-4-1954

కామయ్య గారికి లిదియమ్మ అనేక నమస్కారాలు.

వైరు ఆనించానో లేదో దీపం దానిమ్మగింజలాగా వెలిగింది. తిరుపాలు అక్కడే కూలబడి, "ఇంతేనా" అన్నాడు. కొక్కెం విప్పాము. దాని చుట్టూ పాత ట్యూబు రబ్బరు, దాని మీద దట్టంగా గ్రీజు. రబ్బరు ఒక పక్క చిరిగింది. ఎడమకు తిరిగితే అక్కడ ఇనుమూ ఇనుమూ తగులుతున్నది. ఈ రబ్బరు ఎవరు చుట్టారని గట్టిగా అడిగాను. తిరుపాలు తల గోక్కొని, "మీరే గదా సిస్టరమ్మా, గతుకుల్లో లడలడమంటా ఉంటే తలనొప్పి వస్తాదని చుట్టమంటిరి" అన్నాడు. ఇరవై రోజులుగా నా రోగానికి నేనే కారణమని తెలియక మిమ్మల్ని తిట్టాను.

పెంచలమ్మ గారి దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మన్ను కుండ కథ వినేసరికి ఆమెకు నవ్వాగలేదు. "సరే, వస్తాలే. ఈసారి నల్లరంగుతో రాయించు, నేను చదువుకోవాల" అన్నారు. 25న ఇన్‌స్పెక్టరు వచ్చి, బండిని కుడికీ ఎడమకూ తిప్పించి సంతకం పెట్టాడు. 27న ఇరవై ముగ్గురికీ ఆపరేషన్లు జరిగాయి. నిన్న కట్లు విప్పారు. పెంచలమ్మ గారు తన పేరు తానే కూడబలుక్కొని చదువుకున్నారు.

ఇప్పుడు ఆమె మిమ్మల్ని చూడాలంటున్నారు. రాజమోహన్ గారి రెండు లారీలు, మా వ్యానూ ఏడాది పొడుగునా కరెంటు పనులకు మీ చేతికే ఇస్తామని ఆయన మాట. మేము 11న ఉదయగిరికి వచ్చేస్తాము. 12వ తేదీ సోమవారం మీరు స్వయంగా వచ్చి ఒప్పుకోవాలి. మనిషిని చూడకుండా లారీలు అప్పగించరట. ఇక అంగడి సాకు చెల్లదు.

ఇట్లు,
లిదియమ్మ

తా.క.: పెంచలమ్మ గారు తిరుపాలును మొదటిసారి స్పష్టంగా చూసి, "నువ్వేనా? గొంతు విని ఇంకా పొడుగనుకున్నాను" అన్నారు.

*

ఆత్మకూరు
9-4-1954

లిదియమ్మ సిస్టరు గారికి, ఆదిశేషమ్మ నమస్కరించి రాయునది.

మీకు వచ్చిన ఉత్తరాలన్నీ నేనే రాశాను. వైర్ల పని చేసేదీ నేనే. కామయ్య నా భర్త.

మా నాయన బ్యాటరీలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చొని ఈ పని నేర్చుకున్నాను. ఆయన పోయాక అంగడికి నా పేరే బోర్డు రాయించాను. మూడు నెలలు ఒక్క గిరాకీ లేదు. లారీ డ్రైవర్లు వచ్చేవాళ్ళు, "మేస్త్రీ ఎక్కడమ్మా?" అనేవాళ్ళు, నేనే అంటే నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. విసిగి మా ఆయన పేరు రాయించాను. మర్నాడే నాలుగు బండ్లు వచ్చాయి. అప్పటి నుంచి, "మేస్త్రీ లోపల ఉన్నాడు, బండి వదిలిపోండి" అని చెప్పి పని చేస్తున్నాను. ఆత్మకూరులో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

మిమ్మల్ని మోసగించాలని కాదు. మీరు రమ్మన్న ప్రతిసారీ సంచి సర్దుకొని, మళ్ళీ విప్పేశాను. ఈ ఉత్తరం కూడా రాయకుండా ఊరుకుందామనుకున్నాను. రెండు లారీల పని పోతుందేమోనని భయంగానే ఉంది. అయినా ఆ దీపం వెలిగించింది నేనని ఒక్కరికైనా చెప్పుకోవాలనిపించింది.

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నీలం చీర, చేతిలో పనిముట్ల సంచి. నేను దిగాక, వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూడకండి.

మీ
ఆదిశేషమ్మ

తా.క.: మా ఆయన నెల్లూరు బస్సులో కండక్టరు. మంచివాడు. టార్చిలైటులో సెల్లులు మార్చాలన్నా నేను ఇంటికి వచ్చేదాకా కాచుకొని కూర్చుంటాడు.